ఫ్రాన్స్ పాత ఊళ్ళు, 15 రాత్రులు, అమ్మానాన్నలతో: తొమ్మిది ఊళ్ళు కుదురుతాయా?

అలిపిరి_మెట్లు, తిరుపతి

అందరికీ నమస్కారం. సెప్టెంబరు రెండో వారం నుంచి ఫ్రాన్స్‌లో 15 రాత్రులు ఉండాలని అనుకుంటున్నాం. నలుగురం: నేను, నా భార్య, అమ్మ, నాన్న. నాన్నకు 68. అమ్మకు మోకాళ్ళ నొప్పి, చదునుగా ఉంటే రెండు కిలోమీటర్లు నడుస్తుంది, మెట్లంటేనే కష్టం. పారిస్ మీద పెద్ద మోజు లేదు. పాత ఊళ్ళు, కోటలు, చర్చిలు, సంతలు నిదానంగా చూసుకుంటూ ఫోటోలు తీసుకోవాలి.

రాసుకున్న జాబితా: స్ట్రాస్‌బూర్గ్, కోల్మార్, దిజోన్, అవిన్యోన్, ఆర్ల్, కార్కసోన్, సార్లా, రువాన్, మోన్ సాన్ మిషెల్. ఇందులో ఎన్ని కుదురుతాయి? కారు తప్పదా? ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 24-70, 70-200 లెన్సులు, ట్రైపాడ్ ఉన్నాయి, అన్నీ మోసుకుపోవాలా? అమ్మానాన్న గుడ్డు కూడా ముట్టరు. విమానం చెన్నై నుంచి.

రేణిగుంట_జంక్షన్

తొమ్మిది ఊళ్ళు వద్దన్నా, మూడు బసలు చాలు. అక్కడ గది పదకొండు లోపల ఖాళీ చేయాలి, కొత్త ఊళ్ళో తాళం చేతికొచ్చేది మూడు నాలుగు గంటలకు. అంటే ఊరు మారిన ప్రతిసారీ ఒక రోజు పెట్టెలతోనే పోతుంది. ఎనిమిదిసార్లు మారితే మిగిలేది సగం సెలవే. ఇంకో సంగతి, ఈ ఊళ్ళకు టూరిస్టు బస్సులు పదింటికి దిగుతాయి, ఐదింటికి వెళ్ళిపోతాయి. పాత ఊరి లోపలే గది తీసుకున్నవాళ్ళకు ఆ రెండు చివర్లూ దక్కుతాయి. ఫోటోలకు కావలసిందీ ఆ వేళలే.

నేనైతే ఇలా వేస్తాను: స్ట్రాస్‌బూర్గ్‌లో 5 రాత్రులు, అవిన్యోన్‌లో 6, రువాన్‌లో 3, ఆఖరి రాత్రి పారిస్ విమానాశ్రయం దగ్గర.

పారిస్ షార్ల్ ద గోల్‌లో దిగాక ఊళ్ళోకి పోనక్కర్లేదు. రెండో టెర్మినల్‌లోనే టీజీవీ, అంటే వేగంగా పోయే రైళ్ళ, స్టేషన్ ఉంది, అక్కడి నుంచి స్ట్రాస్‌బూర్గ్‌కు నేరుగా రైళ్ళున్నాయి, రెండు గంటల లోపు. కాకపోతే ఇప్పుడు యూరప్ సరిహద్దులో మొదటిసారి వచ్చేవాళ్ళ వేలిముద్రలు, ఫోటో నమోదు చేస్తున్నారు, లైను పెరుగుతుంది. విమానం దిగే వేళకూ రైలుకూ కనీసం మూడు గంటల ఎడం పెట్టండి. తక్కువ ధర టీజీవీ టికెట్టుకు ఆ రైలు తప్పితే డబ్బులు పోయినట్టే.

స్ట్రాస్‌బూర్గ్ నుంచి కోల్మార్‌కు టీఈఆర్ బండి, అరగంట పైచిలుకు. టీఈఆర్ అంటే మన ప్యాసింజరు లాంటిది, రిజర్వేషన్ లేదు, ముందు కొన్నా ఆరోజు కొన్నా ధర అంతే. టీజీవీలు మాత్రం నెలల ముందే తెరుచుకుంటాయి, ఆలస్యమైతే రెట్టింపు. స్ట్రాస్‌బూర్గ్ నుంచి అవిన్యోన్‌కు లియోన్ మీదుగా నేరు బండి ఉంది, దాదాపు 5 గంటలు. అవిన్యోన్ టీజీవీ స్టేషన్ ఊరి బయట ఉంటుంది, అక్కడ దిగి ఐదు నిమిషాల చిన్న బండి ఎక్కితే గోడల పక్కనున్న సెంటర్ స్టేషన్. అవిన్యోన్‌లో ఉండి ఆర్ల్‌కు 20 నిమిషాలు. శనివారం పొద్దున్నే పోండి, బులవార్ దె లీస్ పొడవునా సంత ఉంటుంది. రోమన్ల కాలపు నీటి వంతెన పాన్ దు గార్‌కు బస్సు ఉంది. 49 మీటర్ల ఎత్తున మూడంతస్తుల కమానులు, కానీ దారి చదును, అమ్మగారికి ఇబ్బంది ఉండదు.

రువాన్‌కు పారిస్‌లో స్టేషన్ మారాలి: గార్ ద లియోన్‌లో దిగి మెట్రో 14వ లైనులో సాన్ లజార్. ఈ లైనులో ప్రతి స్టేషన్‌లోనూ లిఫ్ట్ ఉంటుంది, మిగతా లైన్లను నమ్ముకుంటే పెట్టెలతో మెట్లే. సాన్ లజార్ నుంచి రువాన్ గంటన్నర.

పెట్టెల విషయం: మామూలు టీజీవీలో మనిషికి రెండు పెట్టెలు, 70×90×50 సెంటీమీటర్ల లోపు, ఒక చిన్న చేతిసంచి. ప్రతిదానికీ పేరు చీటీ కట్టాలి. తక్కువ ధర విగో బళ్ళలో నిబంధన ఇంకా బిగుతు, పెద్ద పెట్టెకు వేరే డబ్బు.

నీలివేళ

కెమెరా సంగతి నేను చెబుతాను.

ముందు వెలుగు లెక్క. తిరుపతిలో సూర్యుడు దిగాక ఇరవై నిమిషాలకు చీకటి పడిపోతుంది. స్ట్రాస్‌బూర్గ్ 48 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు, సెప్టెంబరులో చీకటి పడేముందు ఆకాశం ముదురు నీలంగా ఉండే నీలివేళ అరగంట నిలుస్తుంది. సెప్టెంబరు నడుమ తెల్లవారేది ఏడు దాటాక, సూర్యాస్తమయం ఏడున్నర, ఏడుముప్పావు మధ్య. జూన్‌లో అయితే రాత్రి పది దాటాక గానీ నీలివేళ రాదు, అప్పటికి హోటళ్ళలో వంటగది మూసేస్తారు. మీరు ఎంచుకున్న నెలే మంచిది.

స్ట్రాస్‌బూర్గ్ కెథెడ్రల్ (పెద్ద చర్చి) ముఖం పడమటికి, రాయి గులాబీ రంగు. పొద్దున నీడలో చప్పగా ఉంటుంది, మధ్యాహ్నం నాలుగు తర్వాత మండుతుంది. శిఖరం 142 మీటర్లు, 1647 నుంచి 1874 దాకా లోకంలో అంతకన్నా ఎత్తైన కట్టడం లేదు. కెథెడ్రల్ ముందరి ఖాళీలో నిలబడితే 24లో పట్టదు, కెమెరా పైకెత్తితే గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. మెర్సియే వీధి మొదటికి వెనక్కి నడిచి, నిలువు ఫ్రేమ్‌లో, రెండు పక్కల ఇళ్ళ మధ్య నుంచి తీయండి. పైకెక్కే మెట్లు 330 పైమాటే, అమ్మగారు కింద ఖగోళ గడియారం చూస్తే సరి. మధ్యాహ్నం 12:30కి ఏసు శిష్యుల (అపొస్తలుల) బొమ్మలు కదులుతాయి, చోటు కోసం ముందే లైను కట్టాలి.

కోల్మార్‌లో అందరూ తీసే కాలువ ఫోటో తురెన్ వీధి వంతెన మీది నుంచి. నీళ్ళలో ఇళ్ళ నీడ నిలవాలంటే పడవలు తిరగడం మొదలుకాక ముందే అక్కడుండాలి, ఒక్క పడవ పోతే నీరు సర్దుకోవడానికి చాలాసేపు పడుతుంది.

అవిన్యోన్‌లో సాయంత్రం బార్తెలాస్ లంక మీదికి పోండి. ఉచిత పడవ దాటిస్తుంది, ఆఖరి పడవ ఎన్నింటికో రేవులో చూసుకోండి, లేకుంటే వంతెన మీదుగా చుట్టూ నడవాలి. అక్కడి నుంచి పాత వంతెన, వెనక క్రైస్తవ మతాధిపతులైన పోప్‌ల కోట రెండూ ఒకే ఫ్రేమ్‌లో, సాయంత్రపు ఎండ సరిగ్గా వాటి మొహం మీద. 22 కమానుల్లో నాలుగే మిగిలాయి, 70-200తో దగ్గరికి లాగితే తెగిన చోటు బాగా తెలుస్తుంది.

ఆ ఊళ్ళో మిస్త్రాల్ అనే ఉత్తరపు గాలి వీస్తుంది. ఆకాశం కడిగినట్టు ఉంటుంది గానీ ట్రైపాడ్ వణుకుతుంది. నడిమి కంబం పైకి లేపకండి, సన్నటి కింది కాళ్ళు పూర్తిగా లాగకండి. బరువు కోసం ట్రైపాడ్‌కు సంచి వేలాడదీసేటప్పుడు అది నేలకు ఆనాలి, గాల్లో ఊగితే అదే ఊపు కెమెరాకు ఎక్కుతుంది. నీలివేళకు ఐఎస్ఓ (వెలుగును పట్టే చురుకు) 100, ఎఫ్8 (లెన్సు రంధ్రం కొలత), 5 నుంచి 10 సెకన్లు. ట్రైపాడ్ లేకుంటే ఎఫ్2.8, ఐఎస్ఓ 3200, 1/30 సెకను. కాబట్టి ట్రైపాడ్ తీసుకోండి, తేలికది. మ్యూజియంలలో, చర్చిల లోపల దాన్ని తీయనివ్వరు అనుకునే పోండి. అక్కడ కుర్చీ వీపు మీద కెమెరా ఆనించి రెండు సెకన్ల టైమర్ పెడితే పని జరుగుతుంది. ప్రార్థన జరుగుతుంటే కెమెరా మూసేయాలి.

రంగు అద్దాల కిటికీలను ఆటోలో తీస్తే కెమెరా చీకటి గోడను చూసి వెలుగు పెంచేస్తుంది, అద్దం తెల్లగా కాలిపోతుంది. అద్దం మీదే స్పాట్ మీటర్ (ఒక్క చోటి వెలుగునే కొలిచేది) పెట్టండి, గోడ నల్లగా పోయినా నష్టం లేదు. మబ్బు రోజు దీనికి మంచిది, అద్దమంతా సమానంగా వెలుగుతుంది. ఊళ్ళో తేనెరంగు రాయికి వైట్ బ్యాలెన్స్ డేలైట్‌లో పెట్టండి, ఆటో ఆ పసుపును చంపేస్తుంది.

రువాన్ కెథెడ్రల్ పడమటి ముఖాన్ని చిత్రకారుడు మోనె 1892-94 మధ్య వేర్వేరు వెలుగుల్లో ముప్పైకి పైగా చిత్రాలు గీశాడు. ఒకే చోట నిలబడి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, మబ్బులో తీసి చూడండి. మూడు రాత్రులు ఎందుకో అప్పుడు తెలుస్తుంది. ఆర్ల్‌లో 1970 నుంచి వేసవిలో ఫోటో ఉత్సవం జరుగుతోంది, పాత చర్చిల్లోనే ప్రదర్శనలు. సెప్టెంబరులో ఇంకా నడుస్తుంటుంది, వదలకండి.

బ్యాటరీలన్నీ చేతిసంచిలోనే, చెక్-ఇన్‌లో వేయకూడదు. కొత్త లెన్సులుంటే చెన్నైలో బయల్దేరేటప్పుడు కస్టమ్స్ దగ్గర ఎగుమతి సర్టిఫికెట్ రాయించుకోండి, తిరిగొచ్చేటప్పుడు సుంకం పేచీ ఉండదు. డ్రోన్ ఇంట్లో పెట్టండి, ఊళ్ళ మీద ఎగరేయడం నిషేధం.

చారుపొడి

తిండి గురించి. నమ్మకంగా తినగలిగేది రొట్టెల అంగట్లో బగెత్ ట్రదిస్యోన్ అనే పొడవాటి రొట్టె. 1993 నాటి ఉత్తర్వు ప్రకారం పిండి, నీళ్ళు, ఉప్పు, పులియబెట్టేది, ఇంతే, ఇంకేమైనా కలిపినా కొద్దిగా చిక్కుడు పిండో, సోయా పిండో, గోధుమ మొలకల పిండో. క్రువాసాన్ పైన మెరుపు కోసం గుడ్డు పూస్తారు. క్రేప్ అనే పల్చటి దోసెలో గుడ్డు ఉంటుంది. కీష్ అంటేనే గుడ్డు. ఉల్లిపాయ సూపు శాకాహారంలా కనిపిస్తుంది, నీళ్ళు మాత్రం గొడ్డుమాంసం ఉడికించినవి. ఆలివ్ ముద్ద తపెనాద్‌లో చేపలు కలుపుతారు. స్ట్రాస్‌బూర్గ్‌లో ఫ్లామ్‌కూష్ అని పల్చటి రొట్టె, మీగడ, ఉల్లిపాయతో కాలుస్తారు. పంది ముక్కలు వేయకుండా అడగండి: "సాన్ లార్దోన్". వెజిటేరియన్ అని ఒక్కమాట చెబితే చేప, గుడ్డు అందులో రావచ్చు. "సాన్ వియాంద్, సాన్ ప్వాసోన్, సాన్ ఎఫ్" అని కాగితం మీద రాయించి చూపించండి: మాంసం, చేప, గుడ్డు లేకుండా.

పదిహేను రోజులు బయట తిండితో పెద్దవాళ్ళు అలిసిపోతారు. వంటగది ఉన్న ఇల్లే తీసుకోండి. పొయ్యి ఎక్కువ చోట్ల ఇండక్షన్, మన అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు, అడుగు ఇండక్షన్‌ది అయిన స్టీలు కుక్కర్ కావాలి. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ అయినా సరే, అక్కడా 230 వోల్టులే, కానీ మన లావు మూడు పిన్నుల ప్లగ్ దూరదు, అడాప్టర్ ఉండాలి. బియ్యం, ఎర్ర కందిపప్పు, అంటే మైసూరు పప్పు, ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరుకుతాయి. మన కందిపప్పు దొరకదు, కిలో పట్టుకుపోండి. పెరుగుకు కొదవే లేదు. ఆదివారం మధ్యాహ్నం తర్వాత అంగళ్ళు మూస్తారు, చిన్న ఊళ్ళో సోమవారం కూడా.

ఇక పట్టుకుపోకూడనివి: నెయ్యి, పనీర్, పాలపొడి. యూరప్ బయటి నుంచి పాల సరుకు రానివ్వరు. పచ్చి కరివేపాకు, పచ్చిమిరపకాయలు, పండ్లు కూడా మొక్కల ఆరోగ్య పత్రం లేకుంటే చెత్తబుట్టకే. వేసవిలో పోయేవాళ్ళు మన చిత్తూరు మామిడిపండ్లు బంధువులకని పెట్టెలో పెడతారు, దానికీ అంతే. అరటిపండుకు మినహాయింపు ఉంది. ఎండిన కరివేపాకు పొడి, కారప్పొడి, చారుపొడి పెట్టుకోండి. ఊరగాయ చెక్-ఇన్ పెట్టెలో, రెండు పొరల కవరులో. చేతిసంచిలో 100 మిల్లీలీటర్లు దాటితే తీసేస్తారు.

చిత్తూరు_స్టీరింగ్

కారు అక్కర్లేదనేది ఈ మూడు ఊళ్ళ వరకే నిజం. సార్లా కావాలంటే కారే దారి. బోర్దో నుంచి రైలుంది గానీ రెండున్నర గంటల పైనే, చుట్టూ ఉన్న కోట ఊళ్ళకు బస్సులూ తక్కువ. కారు తీసుకుంటే ఇవి గుర్తుంచుకోండి: ఆర్టీఓ దగ్గర అంతర్జాతీయ పర్మిట్ తీసుకోవాలి, అది ఒక్కటే చాలదు, మన లైసెన్సూ వెంట ఉండాలి. అడక్కపోతే గేరు బండే ఇస్తారు, అదీ ఎడమ స్టీరింగుతో. ఆటోమేటిక్ ముందే బుక్ చేసుకోండి. పాత ఊరి వీధుల్లో నేలలోంచి లేచే ఇనుప కంబాలుంటాయి, ముందు బండి పోయింది కదా అని వెంబడి దూరిస్తే అడుగు తగులుకుంటుంది. గోడల బయట పార్కింగ్‌లో పెట్టి నడవడమే మేలు. కెమెరా సంచి సీటు మీద వదలొద్దు.

మోన్ సాన్ మిషెల్ తీసేయండి. అంతా మెట్లే, అమ్మగారికి కుదరదు.

అలిపిరి_మెట్లు, తిరుపతి

అందరికీ ధన్యవాదాలు. మూడు బసలే ఖాయం. కానీ నాన్నకు కార్కసోన్ కోట మీద మనసుంది, ఎక్కడైనా ఇరికించొచ్చా? వీసా ఎప్పుడు మొదలుపెట్టాలి?

రేణిగుంట_జంక్షన్

ఇరికించొచ్చు సార్, రువాన్ వదులుకుంటే. అవిన్యోన్ తర్వాత కార్కసోన్‌లో 3 రాత్రులు, అక్కడి నుంచి పారిస్‌కు బండి మారి 5 గంటల పైనే. కోట లోపలికి ఊరికే పోవచ్చు, కోట మధ్యలోని కొంతె (ప్రభువు) మహలుకూ ప్రాకారం మీద నడకకూ టికెట్టు. లోపల నేలంతా గులకరాళ్ళు, అదీ ఎగువకు. అమ్మగారి కోసం కింద పాత వంతెన దగ్గర గది తీసుకోండి. 52 బురుజులతో కోటంతా కనిపించేది ఆ వంతెన మీది నుంచే, సాయంత్రపు ఎండా నేరుగా పడుతుంది. 1853 నుంచి వియొలె ల్య దుక్ అనే వాస్తుశిల్పి దాన్ని బాగుచేయించి, పెంకుల సీమలో పలక రాయి కప్పులు వేయించాడని ఇప్పటికీ తిడతారు. ఫోటోలో ఆ సూది కప్పులే అందం.

వీసాకు ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు, ఆఖరి గడువు 15 రోజుల ముందు. సెప్టెంబరు ప్రయాణానికి జూన్ మొదట్లోనే చెన్నైలో స్లాట్ పట్టుకోండి, ఎండాకాలపు సెలవుల రద్దీలో స్లాట్లు అయిపోతాయి. రుసుము పెద్దవాళ్ళకు 90 యూరోలు, సర్వీసు చార్జీ వేరే. బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు, ప్రయాణం మొత్తానికీ ఉండాలి. పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్ళు దాటకూడదు, తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలలైనా మిగిలి ఉండాలి. నలుగురి గది బుకింగుల తేదీలూ వరుసగా, ఒక్క రాత్రి కూడా ఖాళీ లేకుండా చూసుకోండి. విమానంలో గడిచే రాత్రిని మర్చిపోయి ఒక రోజు తేడా రావడం చాలామందికి జరుగుతుంది. రద్దు చేసుకోగలిగే గదులే తీసుకోండి, వీసా వచ్చాకే టీజీవీ టికెట్లు.