అప్‌డేట్: విదేశీ నిధుల కోసం నేరుగా అడగాలా అన్న ప్రశ్న ఏమైందంటే

మా చిన్న సంస్థ తాగునీటి పనికి విదేశీ దాతను నేరుగా అడగాలా, లేక ఒక పెద్ద అంతర్జాతీయ సంస్థ కింద, దాని ద్వారా నిధులు పొందే ఉప భాగస్వామిగా చేరాలా అని ఇదివరకు అడిగాను. మీ సలహాతో నేరుగానే దరఖాస్తు చేశాం, కానీ గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు లేవన్న కారణంతో దాన్ని తిరస్కరించారు. పని గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

మానవతా సాయంలో (విపత్తులు, యుద్ధాల వేళ ఇచ్చే సాయంలో) కనీసం 25 శాతం 2020 నాటికి స్థానిక సంస్థలకు వీలైనంత నేరుగా చేరాలని 2016లో కుదిరిన గ్రాండ్ బార్గెయిన్ ఒప్పందంలో దాతలు మాట ఇచ్చారు. ఆ గడువు దాటినా లక్ష్యం నెరవేరలేదు. మా తాగునీటి పని వంటి వాటికిచ్చే అభివృద్ధి నిధుల్లోనూ, డబ్బు నేరుగా అందకపోవడమే మాలాంటి వారికి ఎదురయ్యే అడ్డంకి.

చివరికి ఉప భాగస్వామిగానే చేరాం. అయితే సంతకానికి ముందే, మీలో ఒకరు హెచ్చరించినట్లు, కార్యాలయ అద్దె, లెక్కలు రాసే మనిషి జీతం వంటి పరోక్ష ఖర్చులకు మా వాటా ఎంతో రాతపూర్వకంగా అడిగాం. మొదటి ముసాయిదాలో ఆ గడి ఖాళీగా ఉంది. మూడో ఉత్తరం తర్వాత నింపి పంపారు. ఆ సలహాకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

నీటి కమిటీ మహిళలు వేలిముద్రలు వేసి నడుపుతున్న నెలవారీ రిజిస్టరును పర్యవేక్షణ నివేదికగా అంగీకరిస్తారా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.