హైదరాబాద్‌కి ప్రైవేటు ఎఫ్ఎం అంత ఆలస్యంగా ఎందుకొచ్చింది?

ప్రశ్న: బెంగళూరులో రేడియో సిటీ 2001 జులైలోనే మొదలైంది. మనకు 2006 దాకా దిక్కులేదు. కారణమేంటండీ?

జవాబు: లైసెన్సు ఫీజండీ. ప్రభుత్వం ఎఫ్ఎం లైసెన్సులు వేలం వేసిన మొదటి విడతలో, పాడిన మొత్తం ఏటా కట్టాలి, అదీ ఏడాదికి 15 శాతం పెంచుకుంటూ. ప్రకటనలు వచ్చినా రాకపోయినా సరే! వేలంపాట గెలిచినవాళ్లే చాలామంది చేతులెత్తేశారు. 2005లో పద్ధతి మార్చి, ఒకసారి ప్రవేశ రుసుము, ఆపైన స్థూల ఆదాయంలో 4 శాతం అన్నారు. అప్పుడు కదిలారు.

ఇంకొకరు: అప్పటిదాకా మా టైలరింగ్ షాపులో వివిధ భారతే. సిటీ, మిర్చి వచ్చాక కుర్రాళ్లు రేడియో ముల్లు తిప్పేసేవాళ్లు. నాకైతే ఆర్జేల వాగుడే ఎక్కువనిపించేది.

ప్రశ్న అడిగినవారు: మరి వాటిలో వార్తలుండవేం?

జవాబు: సొంత వార్తలకు అనుమతి లేదు. ఆకాశవాణి బులెటిన్ మాత్రం ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు.