సాంటోరిని: ఎర్ర, నల్ల, తెల్ల బీచ్‌లు ఒక్క రోజుల అయితయా?

నయీంనగర్_హన్మకొండ:
అందరికీ నమస్తే. శ్రావణంలో పెళ్లి, సెప్టెంబర్ మూడో వారంలో ఇద్దరం గ్రీస్ పోతున్నం. అక్కడి సాంటోరిని దీవిలో ఒక రోజు మొత్తం బీచ్‌లకే పెట్టినం. రూమ్ దీవి పెద్ద ఊరు ఫిరాలో. రెడ్ బీచ్, వైట్ బీచ్, పెరిసా నల్ల ఇసుక, కుదిరితే అగ్నిపర్వతం కాడికి పోయే పడవ కూడా అదే రోజు చూద్దామని ఉన్నది. బస్సులతోటి అయితదా, ఏటీవీ (నాలుగు చక్రాల మోటార్ బండి) తీసుకోవాల్నా? ఆమెకు ఈత రాదు. ఇద్దరం శాకాహారులమే. ఏ టైంకు ఏ బీచో వరుస చెప్పండి.

కాజీపేట_జంక్షన్:
తమ్ముడూ, ముందుగాల పడవను ఆ రోజులకెల్లి తీసెయ్యి. అది ఫిరా కింద పాత రేవు నుంచి కదులుతది, బీచ్‌లన్నీ దీవి దక్షిణం దిక్కు. రెండూ పెట్టుకుంటే రోజంతా రోడ్డు మీదనే పోతది.

బస్సుల చిక్కు ఒక్కటే. అన్ని రూట్లూ ఫిరా నుంచే. రెడ్ బీచ్ దిక్కున్న అక్రోతిరి నుంచి పెరిసా పోవాలంటే మళ్లీ ఫిరా వచ్చి బండి మారాలె. రెండు చోట్లకైతే బస్సు చాలు, టికెట్ బస్సులనే ఇస్తరు, చిల్లర యూరోలు ఉంచుకో. మూడు నాలుగు చోట్లు తిరగాలంటే చిన్న కారే మేలు.

వరుస ఇట్ల పెట్టుకో. పొద్దున ఎనిమిదింటికల్లా రెడ్ బీచ్ కాడ ఉండాలె. బండి ఆపిన కాడికెల్లి రాళ్ల బాటల పది నిమిషాల నడక, చెప్పులు జారుతయి, బూట్లు వేసుకోండి. బాట మలుపు మీద నిలబడితే మొత్తం ఎర్ర గోడ, కింద నీళ్లు ఒక్కసారే కనపడుతయి. అక్కడ్నే ఆగండి. ఆ గోడ వదులు రాయి, పెళ్లలు విరిగి పడుతయి, హెచ్చరిక బోర్డు కూడా ఉన్నది. కింద జనం పడుకొని ఉంటరు, వాళ్లను చూసి దిగొద్దు. ఫొటో కూడా పైనుంచే బాగొస్తది.

ఆడ్నించి దగ్గర్లనే అక్రోతిరి తవ్వకాలు. దాదాపు 3,600 ఏండ్ల కింద బూడిదల కూరుకుపోయిన ఊరు, 1967ల తవ్వుడు మొదలైంది. మనుషుల ఎముకలు దొరకలే, అంటే జనం ముందే ఊరిడిచి పోయిన్రు. పైన కప్పు ఉంటది కాబట్టి ఎండ ముదిరేటప్పుడు ఇదే మంచి జాగ. సెలవు రోజు ముందే చూసుకో.

మధ్యాహ్నం వ్లిహాదా బీచ్, నాలుగు దాటినంక పెరివోలోస్ లేదా పెరిసా. నల్ల ఇసుక మిట్టమధ్యాహ్నం పెనమే, ఉత్త కాళ్లతోటి నాలుగడుగులు పడయి. పెరిసాల ఒడ్డు కాడ కొన్ని చోట్ల నీళ్ల కింద నున్నటి బండలుంటయి, పాచికి జారుతయి. నీళ్ల చెప్పులు తప్పనిసరి.

నల్లరేగడి_ఆదిలాబాద్:
వైట్ బీచ్ గురించి ఒక మాట. తెల్లగ ఉండేది వెనక గోడ, ఇసుక కాదు. కింద ముదురు గులకరాళ్లే. తెల్ల ఇసుక అనుకొని అక్కడికి పడవ డబ్బులు పెడితే మనసు చిన్నబోతది. సముద్రం నిమ్మళంగ ఉంటేనే పోండి, దిగేటప్పుడు నీళ్లల కాలు పెట్టాల్సి రావచ్చు.

రంగుల కారణం తెలుసుకొని చూస్తే ఇంకా బాగుంటది. ఎర్రది ఇనుము కలిసిన లావా ముక్క, వేడి మీద గాలి తగిలి తుప్పు రంగు తేలింది. నల్లది లావా రాయి అలలకు అరిగి ఇసుకైంది. మా దిక్కు నల్లరేగడి కూడా అట్లాంటి లావా రాయి చివికి వచ్చిందే. తెల్లది అగ్నిపర్వతం పేలుడుల ఎగిరిన ప్యూమిస్ (బొక్కల తేలిక రాయి), బూడిద. వ్లిహాదాల ఆ బూడిద గోడలను గాలి చెక్కిన తీరు చూడాలె. నన్నడిగితే వైట్ బీచ్ ఇడిసిపెట్టి వ్లిహాదాకు రెండు గంటలియ్యండి. గోడ మొదట్ల మాత్రం కూసోవద్దు, అది కూడా రాలుతది.

కరీంనగర్_అక్క:
ఈత రాని అమ్మాయిని కమారి బీచ్‌ల నీళ్లలకు దింపకు తమ్మీ, అక్కడ గులకరాళ్ల ఒడ్డు తొందరగ లోతైతది. విమానాశ్రయం దిక్కు మోనోలిథోస్ బీచ్ ఉన్నది, చాలా దూరం లోతుండదు. ఉత్తరం గాలి గట్టిగ ఉన్న రోజు అటు పోవద్దు, దక్షిణం బీచ్‌లే నయం.

పడవ వేరే రోజు ఎక్కితే పాలేయా కమేనీ అనే చిన్న అగ్నిపర్వత దీవి వేడి ఊట కాడ పడవ ఒడ్డుకు పోదు, లోతు నీళ్లల దుంకి ఈదాలె. ఆమె పడవల్నే ఉండాలె. దిగేటోళ్లు లేత రంగు బట్టలు వేసుకోవద్దు, ఇనుము మరకలు పడుతయి. కొత్త పెళ్లికూతురికి ముఖ్యమైన సంగతి: వెండి మెట్టెలు, పట్టీలు గంధకం నీళ్లకు నల్లబడతయి, రూంల పెట్టి పోవాలె. నల్లబడితే గిన్నెల అల్యూమినియం రేకు పరిచి, వంట సోడా వేసిన వేడి నీళ్లల వెండి రేకుకు తాకేటట్టు పెట్టండి, తేటబడుతది.

తిండికి ఫావా అడగండి, అక్కడి పసుపు పప్పు ముద్ద, మన కేసరి పప్పు జాతిదే. టమాటా పకోడీ లాంటి దొమతోకెఫ్తేదెస్ కూడా బాగుంటది. నల్లా నీళ్లు తాగొద్దు, సీసాలు కొనండి.

నయీంనగర్_హన్మకొండ:
మస్తు థాంక్స్. అయితే పడవ ఇంకో రోజు, వైట్ బీచ్ లేదు. కారుకు మన లైసెన్స్ నడుస్తదా?

కాజీపేట_జంక్షన్:
ఉత్త మన లైసెన్స్ చాలదు, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలె. పరివాహన్ సారథి సైట్ల అప్లై చెయ్యి, ఫీజు 1,000 రూపాయలు, సర్వీస్ చార్జి వేరే, ఏడాది చెల్లుతది. అసలు లైసెన్స్ కూడా జేబుల ఉండాలె. పెళ్లి పనుల్ల పడకముందే చేసుకో.

ఏటీవీకి కూడా ఇవే కాయితాలు. కానీ వాలు రోడ్లు, మలుపుల మీద గులక, అక్కడ కుడి దిక్కు నడుపుడు, ఈ మూడూ కలిస్తే అది తిరగబడుతది. చాలా ట్రావెల్ పాలసీల్ల ఏటీవీ దెబ్బలకు కవర్ ఉండదు, మీది చదివి చూడు. కారు తీసుకునేటప్పుడు చుట్టూ గీతలు, టైర్లు, అడుగు భాగం వీడియో తీసుకో, ఎందుకంటే టైర్లు, అడుగు భాగం మామూలు ఇన్సూరెన్స్‌ల రావు.