దీర్ఘకాలిక నొప్పికి ఓపియాయిడ్ మందులు మాని సహజ చికిత్సలను ఆశ్రయించడం సమంజసమేనా?

పచ్చనాకు:
దీర్ఘకాలిక నొప్పికి ఓపియాయిడ్లు, అంటే మార్ఫిన్ తరహా నొప్పి మందులు రాయడాన్ని వైద్యులు పూర్తిగా మానుకొని, వాటి స్థానంలో మూలికలను, వ్యాయామాన్ని, ఆక్యుపంక్చర్‌ను సూచించాలన్నది నా వాదన. ఇందుకు అమెరికా అనుభవమే సాక్ష్యం. ఆసుపత్రుల్లో ఈ మందులు పొందిన 11,882 మందిలో నలుగురికి మాత్రమే వ్యసనం కలిగినట్లు నమోదైందని తెలిపే ఒక చిన్న లేఖ 1980లో అక్కడి ప్రముఖ వైద్య పత్రికలో వెలువడింది. ఆసుపత్రి పర్యవేక్షణలో ఉన్నవారిని గురించిన ఆ ఐదు వాక్యాలను, ఇంట్లో నెలల తరబడి మాత్రలు మింగేవారికి సైతం వర్తించే నిరూపణగా ఎన్నో వ్యాసాలు ఉదహరించాయి. 1996లో పర్డ్యూ ఫార్మా సంస్థ ఓపియాయిడ్ మాత్ర ఆక్సికాంటిన్ మార్కెట్లోకి వచ్చింది. దాని వ్యసన ప్రమాదాన్ని తక్కువ చేసి చూపిన నేరాన్ని పర్డ్యూ ఫార్మా అనుబంధ సంస్థ 2007లో కోర్టులో అంగీకరించింది. 2021 ఒక్క ఏడాదిలోనే ఓపియాయిడ్ల అధిక మోతాదు వల్ల ఆ దేశంలో సుమారు 80,000 మంది మరణించారు. ప్రకృతిసిద్ధమైన మార్గాలు ఉండగా ఇంతటి ముప్పును కొని తెచ్చుకోవడం దేనికి?

నిదానం:
పచ్చనాకు గారూ, మీరు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు. అయితే 2021 నాటి మరణాల్లో అత్యధిక భాగం అక్రమంగా తయారైన ఫెంటనిల్ అనే అతి శక్తిమంతమైన ఓపియాయిడ్ వల్ల సంభవించినవే తప్ప, వైద్యులు రాసిన మాత్రల వల్ల కాదు. ఆ విపత్తుకు తొలి దారి వేసినవి మాత్రలే కనుక ఈ మాటతో వాటిని నిర్దోషులుగా తేల్చడం లేదు. రెండు లెక్కలను కలిపి చెప్పవద్దని మాత్రమే కోరుతున్నాను.

నా అసలు అభ్యంతరం ‘సహజం’ అన్న మాట మీద. గసగసాల కాయకు గాటు పెడితే కారే పాలే నల్లమందు. 19వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో జర్మన్ ఔషధకారుడు జెర్టర్నర్ మార్ఫిన్‌ను వేరుచేసింది అందులోనుంచే. అంతకన్నా సహజమైన పుట్టుక ఏముంటుంది? నొప్పికి మూలికా ప్రత్యామ్నాయంగా అమ్ముడవుతున్న క్రాటమ్ ఆకులోని పదార్థాలు కూడా మెదడులో మార్ఫిన్ పట్టుకునే గ్రాహకాలనే పట్టుకుంటాయి కనుక, ఆ ఆకుకు అలవాటు పడినవారు మానేటప్పుడు అదే తరహా బాధకు లోనవుతారు. మూలికగా వాడే విల్లో చెట్టు బెరడులోని సాలిసిన్ అనే పదార్థం ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ బెరడుకు దూరంగా ఉండాలి. పసుపు సారాన్ని శరీరం ఎక్కువగా గ్రహించేలా మిరియాల సారంతో కలిపి చేసిన గుళికల వల్ల కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు సైతం వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఇక, క్యాన్సర్ చివరి దశలోని బాధకు, పెద్ద శస్త్రచికిత్స తరువాతి నొప్పికి మార్ఫిన్‌కు సాటి వచ్చే మూలిక లేదు. మీ వాదన దీర్ఘకాలిక నొప్పి వరకే అయినా, చాలా పేద దేశాల్లో మరణశయ్య మీద ఉన్నవారికి సైతం మార్ఫిన్ దొరకకపోవడానికి ఈ మందంటే ఉన్న భయమే ఒక కారణమన్నది మరువరాదు.

పచ్చనాకు:
క్రాటమ్ విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. కానీ నడుము నొప్పి, మోకీళ్ల అరుగుదల వంటి వాటి సంగతేమిటి? 2018లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం, ఇటువంటి నొప్పులున్న 240 మందిని ఏడాది పాటు గమనించి, ఓపియాయిడ్లు వాడినవారి రోజువారీ పనితీరు మిగతావారి కన్నా ఏమాత్రం మెరుగుపడలేదని, దుష్ప్రభావాలు మాత్రం ఎక్కువయ్యాయని తేల్చింది. నా వాదనకు ఇంతకన్నా బలం ఏం కావాలి?

నిదానం:
మీ వాదనలో మొదటి సగానికే అది బలం. ఆ అధ్యయనంలో రెండో వర్గానికి ఇచ్చినవి మూలికలు కావు; పారాసిటమాల్, వాపు తగ్గించే మాత్రలు మొదలైన మామూలు మందులు. వ్యాయామం, యోగా, ఆక్యుపంక్చర్, వేడి కాపడం వంటివాటి విషయంలో మీరు చెప్పింది నిజమే. నడుము నొప్పికి మందుల కన్నా ముందు వీటిని ప్రయత్నించాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లోనే సూచించింది. వీటి ఫలితం ఓ మోస్తరుగానే ఉంటుంది, వారాల తరబడి ఓపిక పట్టాలి. మూలికల వైపు నుంచి గట్టిగా నిలబడే ఉదాహరణ మిరపలోని క్యాప్సైసిన్. సర్పి వచ్చి తగ్గాక మిగిలే నరాల నొప్పికి 8 శాతం క్యాప్సైసిన్ పట్టీని వైద్యులే వాడుతున్నారు.

తీగ:
మీ ఇద్దరి వాదన చదివాక నాకు ఒక సందేహం కలిగింది. నేను రెండేళ్లుగా నడుము నొప్పికి ట్రమడాల్ అనే ఓపియాయిడ్ వాడుతున్నాను. మొదట్లో ఒక మాత్రతో తగ్గిన నొప్పి ఇప్పుడు మూడింటికీ లొంగడం లేదు. నిరుడు ఒక వైద్యుడు ఉన్నట్టుండి ఆపేయమంటే ఆపాను. నాలుగు రోజులు చెమటలు, వణుకు, నిద్రలేమి భరించలేక మళ్లీ మొదలుపెట్టాను. దాన్ని ఇప్పుడే మానేసి మూలికలకు మారిపొమ్మంటారా?

నిదానం:
తీగ గారూ, దయచేసి ఒక్కసారిగా మానవద్దు. ఓపియాయిడ్ల వాడకంపై 2016 నాటి అమెరికా మార్గదర్శకాలను అతిగా అన్వయించి ఎందరో రోగులకు మందు హఠాత్తుగా ఆపేయడంతో, తీవ్రమైన బాధ, ఆత్మహత్యా ప్రయత్నాలు జరుగుతున్నాయని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2019లో హెచ్చరించింది. 2022లో సవరించిన మార్గదర్శకాలు, ఏడాదికి పైబడి వాడినవారికి నెలకు 10 శాతం లేదా అంతకన్నా నెమ్మదిగా తగ్గించడాన్ని సూచించాయి. మీకు తగిన లెక్కను మీ వైద్యుడే నిర్ణయించాలి. కొంతకాలం ఆపి మళ్లీ పాత మోతాదుతో మొదలుపెట్టడం మరింత ప్రమాదం. అలవాటు తప్పిన శరీరంలో అదే మోతాదు శ్వాసను ఆపేయగలదు. నిద్రమాత్రలు గానీ మద్యం గానీ తోడైతే ఈ ముప్పు ఇంకా పెరుగుతుంది. మరొక మాట. మనసు కుదుటపడుతుందని చాలామంది వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ మూలికను ట్రమడాల్‌తో కలపవద్దు. రెండూ సెరోటోనిన్ అనే మెదడు రసాయనాన్ని పెంచేవే కావడంతో ప్రాణాపాయం కలగవచ్చు.

పచ్చనాకు:
తీగ గారి అనుభవం చదివాక నా మొదటి వాక్యాన్ని సవరించుకుంటున్నాను. దీర్ఘకాలిక నొప్పికి ఓపియాయిడ్లను కొత్తగా మొదలుపెట్టరాదన్నదే ఇకపై నా వాదన. ఇప్పటికే వాడుతున్నవారి సంగతి వేరు. అయితే నిదానం గారు చెప్పిన వాపు తగ్గించే మాత్రలు కూడా ఏళ్ల తరబడి మింగితే కడుపులో పుండ్లకు, మూత్రపిండాల జబ్బుకు దారితీయవచ్చు కదా. వాటిని ఎంతకాలం వాడవచ్చంటారు?