గెలుస్తున్న జట్టు కుర్రాళ్లను ఇచ్చి స్టార్‌ను తెచ్చుకోవాలా? గడువు ఈ రాత్రే

ఎడిసన్_శ్రీను (2025 జూలై 31)
పొద్దుటి నుంచి ఇదే పని. పట్టికలు వేశాను, పాత ట్రేడ్‌లన్నీ (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడులు) చదివాను, తల వేడెక్కింది తప్ప ఏమీ తేలలేదు. మా ఆఫీసు ఫాంటసీ బేస్‌బాల్ లీగ్‌లో (నిజమైన ఆటగాళ్లతో ఊహా జట్లు కట్టి, వాళ్ల ఆట లెక్కలతో పోటీపడతాం) నా జట్టు మొదటి స్థానంలో ఉంది. అట్టడుగున ఉన్న సహోద్యోగి ఒకడు డెట్రాయిట్ టైగర్స్ స్టార్ పిచర్ (బంతి విసిరేవాడు) తారిక్ స్కూబల్‌ను ఇస్తానంటున్నాడు. బదులుగా లియో డె వ్రీస్, హేసుస్ మాదె ఇద్దరూ కావాలట. ఇద్దరికీ 18 ఏళ్లే, ఇద్దరూ షార్ట్‌స్టాప్‌లే (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్లు). వాళ్లను నేను అందరికంటే ముందు గుర్తించి తీసుకున్నాను. ఇవ్వాలా, వద్దా? దయచేసి సూటిగా చెప్పండి.

గెలుపే_లెక్క
ఇచ్చేయండి.

డెట్రాయిట్_పాతకాపు
ఆగండి శ్రీను గారూ. తొందరపడితే ఏమవుతుందో మా ఊరిని అడగండి. 1987 ఆగస్టు 12న టైగర్స్ జట్టు అట్లాంటా నుంచి డోయల్ అలెగ్జాండర్ అనే 36 ఏళ్ల పిచర్‌ను తెచ్చుకుంది. వచ్చినవాడు అద్భుతంగా ఆడాడు, కాదనను. 9 గెలుపులు, ఒక్క ఓటమి లేదు, ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున తన వల్ల వచ్చిన పరుగులు, తక్కువైతే మంచిది) 1.53. కానీ ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర ఛాంపియన్‌ను తేల్చే దశ) మిన్నెసోటా మీద ఆడిన రెండు ఆటలూ ఓడిపోయాడు. అతని కోసం ఇచ్చిందెవరిని? జాన్ స్మోల్జ్‌ను. 20 ఏళ్ల వాడు, మిషిగన్‌లో పుట్టి పెరిగినవాడు, చిన్నప్పటి నుంచీ టైగర్స్ అభిమాని. అట్లాంటాకు వెళ్లి 1996లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. మొత్తం 213 గెలుపులు, 154 సేవ్‌లు (ఆఖర్లో వచ్చి ఆధిక్యం కాపాడిన ఆటలు). 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. విత్తనపు గింజలు వండుకుని తిన్న రైతు పరిస్థితే మాది. మా జట్టు మళ్లీ ప్లేఆఫ్స్ చూసింది 2006లో.

గెలుపే_లెక్క
ఆ ఏడాది డెట్రాయిట్ తన డివిజన్ (లీగ్‌లో ఒక విభాగం) గెలిచింది టొరంటో కంటే రెండే రెండు ఆటల ఆధిక్యంతో. అలెగ్జాండర్ తెచ్చిన 9 గెలుపులు తీసేసి లెక్కపెట్టండి.

లెక్కల_మాస్టారు
శ్రీను గారూ, మీ ప్రశ్నలో ముఖ్యమైన విషయమే లేదు. మీ లీగ్‌లో ఏటా జట్లన్నీ రద్దయి కొత్తగా ఎంపిక జరుగుతుందా? ఆటగాళ్లను వచ్చే ఏడాదికి ఉంచుకోవచ్చా? ఉంచుకునేట్లయితే ఎంతమందిని? మైనర్ లీగ్ (ఇంకా పై స్థాయికి చేరని) ఆటగాళ్లకు వేరే కోటా ఉందా? ఇవి తెలియకుండా ఇచ్చే సలహాకు విలువ ఉండదు.

ఎడిసన్_శ్రీను
ఉంచుకోవచ్చండీ. అది తెలిసిందే కదా. లేకపోతే 18 ఏళ్ల వాళ్లను ఎవరైనా ఎందుకు పెట్టుకుంటారు?

లెక్కల_మాస్టారు
ఎంతమందిని?

ఫ్రిస్కో_ప్రేక్షకురాలు
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇక్కడ అందరూ ‘గింజలు’, ‘కోటా’ అని మాట్లాడుతుంటే మనసుకు కష్టంగా ఉంది. టెక్సాస్ రేంజర్స్ వారి డబుల్-ఎ జట్టు (మైనర్ లీగ్‌లో పైనుంచి రెండో మెట్టు) మా ఊళ్లోనే ఆడుతుంది. మన తెలుగు కుటుంబాలు ఎన్నో పిల్లలను తీసుకుని వెళ్తుంటాయి. ఆ స్థాయి ఆటగాడి కనీస వేతనం 2022 వరకు ఏడాదికి 13,800 డాలర్లు. అద్దెకు కూడా చాలదు. వాళ్లంతా సంఘంలో చేరి ఒప్పందం సాధించుకున్నాక, 2023లో అది 30,250 అయింది. అప్పటిదాకా ఈ దేశం ఆ పిల్లలను ఆకలితో ఆడించింది. ఇవాళ ఇక్కడ ఆడుతున్నవాడు రేపు ఇంకో రాష్ట్రంలో ఉంటాడు. అతన్ని అడిగేవారు ఉండరు.

గెలుపే_లెక్క
అమ్మా, ఇది ఫాంటసీ లీగ్.

ఫ్రిస్కో_ప్రేక్షకురాలు
పేర్లు నిజమైనవే కదండీ. సరే, మీ ప్రశ్నకే వస్తాను. 2023లో రేంజర్స్ ముందంజలో ఉన్నప్పుడు మా ఫ్రిస్కో నుంచే లుయిసాంహెల్ అకూన్యాను మెట్స్‌కు ఇచ్చి పిచర్ మ్యాక్స్ షెర్జర్‌ను తెచ్చారు. థామస్ సగీసీ, టికోవా రోబీలను సెయింట్ లూయిస్‌కు ఇచ్చి ఇంకో పిచర్ జోర్డన్ మాంట్‌గోమరీని తెచ్చారు. ఆ ఏడాదే రేంజర్స్ చరిత్రలో మొదటి వరల్డ్ సిరీస్ (ఛాంపియన్‌ను తేల్చే ఫైనల్) గెలిచారు. కానీ గమనించండి, పెద్ద పేరున్న షెర్జర్ వరల్డ్ సిరీస్‌లో మూడు ఇన్నింగ్స్ వేసి వెన్నునొప్పితో వెళ్లిపోయాడు. ఆ ప్లేఆఫ్స్‌లో ఇద్దరిలో ఎక్కువ భారం మోసింది మాంట్‌గోమరీ. కాబట్టి స్టార్ అన్న మాట చూసి ఇవ్వకండి.

డెట్రాయిట్_పాతకాపు
బాగా చెప్పారమ్మా. స్కూబల్ మావాడే, నాకు ప్రాణం. 2024లో 18 గెలుపులు, 228 స్ట్రైకౌట్లు, ఏకగ్రీవంగా సై యంగ్. కానీ పిచర్ చేతిని నమ్మి ఎవరూ ఆస్తులు రాయకూడదు. 2022లో అతని ఎడమ చేతికి శస్త్రచికిత్స జరిగింది. పైగా 2026 తర్వాత ఫ్రీ ఏజెంట్ (ఒప్పందం ముగిసి ఏ జట్టుకైనా వెళ్లగలవాడు) అవుతాడు. అంటే అద్దె ఆటగాడే.

లెక్కల_మాస్టారు
కాదు. ఆ సీజన్‌తోనే ఒప్పందం ముగిసేవాడిని అద్దె ఆటగాడంటారు. 2016లో షికాగో కబ్స్ తెచ్చుకున్న అరోల్డిస్ చాప్మన్ అద్దె ఆటగాడు. గ్లేబర్ టొర్రెస్‌ను ఇచ్చారు, 1908 తర్వాత మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచారు, చాప్మన్ ఆ చలికాలమే యాంకీస్‌కు తిరిగి వెళ్లిపోయాడు. 2022లో శాండియేగో పాడ్రెస్ తెచ్చుకున్న హువాన్ సోటో అద్దె కాదు, అతనికి ఇంకా రెండున్నర సీజన్లున్నాయి.

డెట్రాయిట్_పాతకాపు
ఆ రెండున్నర సీజన్లలో ఎన్నాళ్లు ఉంచుకున్నారు? 2023లో ప్లేఆఫ్స్‌కే చేరలేదు, డిసెంబరులో యాంకీస్‌కు పంపేశారు. ఇచ్చినవాళ్లలో సి.జె. ఏబ్రమ్స్, మెకెంజీ గోర్, జేమ్స్ వుడ్ ఈ 2025లో వాషింగ్టన్ జట్టుకు వెన్నెముక. పేరు ఏదైతేనేం, చేతిలో మిగలనప్పుడు అద్దే.

లెక్కల_మాస్టారు
సోటోను పంపినందుకు వాళ్లకు మైకేల్ కింగ్ వచ్చాడు. ఒప్పందంలో కాలం మిగిలి ఉండబట్టే మళ్లీ ట్రేడ్ చేయగలిగారు. అందుకే ఆ తేడా ముఖ్యమంటున్నాను.

శాండియేగో_సుధ
మీరు మా పాడ్రెస్ గురించే మాట్లాడుతున్నారు కాబట్టి, ఇవాళ్టి వార్త చూశారా? డె వ్రీస్‌ను అథ్లెటిక్స్‌కు ఇచ్చేశారు. ఇంకో ముగ్గురు యువ పిచర్లను కూడా. మేసన్ మిల్లర్, జె.పి. సియర్స్ వస్తున్నారు. మిల్లర్ బంతి గంటకు 100 మైళ్లు దాటుతుంది, 2029 దాకా మావాడే. నేను ఏడవాలో నవ్వాలో తెలియకుండా కూర్చున్నాను. ఈ జట్టు ఒక్కసారీ వరల్డ్ సిరీస్ గెలవలేదు. కుర్రాళ్లను దాచుకుని గెలిచేది ఎప్పుడు? అయినా డె వ్రీస్‌ను మా మైదానంలో చూడాలని ఎంతో ఆశపడ్డాను.

ఎడిసన్_శ్రీను
అయ్యో, డె వ్రీస్ జట్టు మారాడా? అయితే అతని విలువ పెరిగినట్లా, తగ్గినట్లా?

లెక్కల_మాస్టారు
పెరిగిందనే అనుకుంటాను. శాండియేగోలో బోగార్ట్స్, మచాడో, టాటిస్ దీర్ఘకాల ఒప్పందాలతో ఉన్నారు, చోటు దొరకడం కష్టం. అథ్లెటిక్స్‌లో దారి సులభం. కానీ కుర్రాళ్ల విలువ కట్టడం ఎంత కష్టమో 2008 చూడండి. మిల్వాకీ జట్టు సి.సి. సబాథియాను తెచ్చుకుంది. అతను 11 గెలిచి 2 ఓడాడు, ఈఆర్‌ఏ 1.65, జట్టు 1982 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కు చేరింది. క్లీవ్‌లాండ్‌కు వెళ్లినవాళ్లలో అందరూ గొప్పగా చెప్పుకున్నది మ్యాట్ లపోర్టాను. అతను నిలవలేదు. పేరు తర్వాత చెబుతామని ఒప్పందంలో ఖాళీగా వదిలిన ఆటగాడు మైకేల్ బ్రాంట్లీ. అయిదు సార్లు ఆల్-స్టార్ అయ్యాడు. ఇద్దరిలో ఎవరు ఎవరవుతారో ముందే తెలియనప్పుడు, ఇద్దరినీ కట్టిపెట్టి ఇవ్వడం నాకు నచ్చదు. ఒక్కరినే ఇస్తానని బేరమాడండి. ఇంతకూ ఎంతమందిని ఉంచుకోవచ్చో మీరు చెప్పనే లేదు.

ఎడిసన్_శ్రీను
నలుగురిని. జడ్జ్, విట్, స్కీన్స్ (ముగ్గురూ పెద్ద స్టార్లు) ఎలాగూ ఉంటారు. మైనర్ లీగ్ వాళ్లకు వేరే కోటా లేదు.

గెలుపే_లెక్క
అంటే మిగిలింది ఒకే చోటు. ఇద్దరిలో ఒకరిని మార్చిలో ఊరికే వదులుకోవాలి. ఇంకా ఏమిటి ఆలోచన?

లెక్కల_మాస్టారు
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత చర్చ అవసరమయ్యేది కాదు. ఇచ్చేయండి. బేరం కూడా వద్దు, ఆలస్యమైతే అవతలి వ్యక్తి ఈ లెక్క తానే వేసుకుంటాడు.

డెట్రాయిట్_పాతకాపు
నేను ఒప్పుకోను. మిగిలిన ఆ ఒక్క చోటులో మాదెను ఉంచితే పదేళ్లు ఆడతాడు.

ఎడిసన్_శ్రీను
ఇచ్చేశాను. అవతల కూడా ఒప్పుకున్నాడు. అందరికీ థాంక్స్.

శాండియేగో_సుధ
లెక్కల మాస్టారు గారూ, మిల్లర్‌ను వచ్చే ఏడాది స్టార్టర్‌గా (ఆట మొదటి నుంచీ బంతి వేసే పిచర్‌గా) మారుస్తారంటారా? అలా మారిస్తేనే ఈ ట్రేడ్ నాకు గిట్టుబాటుగా కనిపిస్తోంది.

డెట్రాయిట్_పాతకాపు
మార్చకూడదు. చెయ్యి పోతుంది. 2023లో మోచేతి నొప్పితో నెలల తరబడి కూర్చున్నాడు.