అప్‌డేట్: లిఫ్ట్ పంపుల సిమ్యులేషన్‌లో 99%, సీజన్‌లో మాత్రం పంపు నడవక ఆగుతది. కారణం దొరికింది

ముందు అడిగింది ఇది: దామరచర్ల వైపు కృష్ణా లిఫ్ట్‌లో (ఎత్తిపోతల) 6 పంపులు, అరిగితే మార్చే బేరింగ్ సెట్ స్పేర్ ఒక్కటే. సిమ్యులేషన్ మోడల్ 99.3% లభ్యత (పంపులు నడిచేందుకు సిద్ధంగా ఉండే సమయం) చూపిస్తుంది, వానాకాలంలో మాత్రం పంపు స్పేర్ కోసం ఎదురుచూస్తది.

తప్పు ఇన్‌పుట్‌లోనే ఉంది. సగటున 4000 నడిచిన గంటలకు ఒక ఫెయిల్యూర్, రోజుకు 20 గంటలు, కొత్త సెట్ రావడానికి 30 రోజులు. పంపులు ఏడాదిలో నడిచేది 120 రోజులే. ఆ గంటలను 365 రోజులకు పరిచేసరికి, ఆ 30 రోజుల్లో కావాల్సిన సెట్లు సగటున 0.3 అయినయ్. సీజన్‌లో అసలు లెక్క 6×20×30÷4000, అంటే 0.9.

పాయిజాన్ పట్టికతో (సగటును బట్టి ఎన్ని ఫెయిల్యూర్లు రావొచ్చో చెప్పే సంభావ్యత పట్టిక) సరిచూస్తే, 0.9 దగ్గర ఒక స్పేర్‌తో లభ్యత 94.9%, రెండిటితో 98.7%, మూడిటితో 99.7%. ఇది స్పేర్ కోసం ఆగే సమయం మాత్రమే. బిగించే గంటలు అదనం. రెండు సెట్లు తప్పనిసరి. మూడోది కొనే ముందు 30 రోజులను 15కు తగ్గించగలమా చూడాలి: అప్పుడు సగటు 0.45, రెండు స్పేర్లతోనే 99.8% వస్తది.

వైండింగ్ (లోపలి రాగి తీగ చుట్టలు) కాలిన మోటార్‌ను మోడల్‌లో బేరింగ్ ఉన్న ఐటెమ్‌లోనే కలపొద్దు. అది రీవైండింగ్‌కు పోయి తిరిగొస్తది, బేరింగ్ రాదు. పైగా ఓల్టేజ్ పడిపోతే రెండు మోటార్లు ఒకేసారి కాలొచ్చు. పాయిజాన్ ప్రతి ఫెయిల్యూర్‌నూ విడిగా జరిగినట్టే లెక్కేస్తది. అందుకే మోటార్ కాలడాన్ని మోడల్‌లో వేరే ఈవెంట్‌గా పెట్టిన.