షెఫీల్డ్ చెట్ల గొడవ: కౌన్సిల్‌ది తప్పా, జనం చేసింది అతియా?

చలిపులి (షెఫీల్డ్)
ఈ మధ్య ఒక గ్రూపులో ఒకాయన రాశారు: "ఫుట్‌పాత్ బాగుచేయడానికి కౌన్సిల్ నాలుగు చెట్లు కొడితే అరెస్టుల దాకా తెచ్చుకున్నారు. పనీపాటా లేని జనం." ఆ జనం నేనుండే ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వాళ్లు, కౌన్సిల్ అంటే ఇక్కడి నగరపాలక సంస్థ. అందుకే జవాబు ఇక్కడ రాస్తున్నాను. మీరూ మీ మాట చెప్పండి.

సంగతేంటంటే, 2012లో షెఫీల్డ్ కౌన్సిల్ ఊళ్లో రోడ్లు, ఫుట్‌పాత్‌లు, వీధి దీపాల పనంతా 25 ఏళ్లకు ఎయ్‌మీ అనే కంపెనీకి అప్పగించింది. 220 కోట్ల పౌండ్ల కాంట్రాక్టు. అప్పట్లో వీధుల వెంట ఉన్న చెట్లు సుమారు 36,000. 2018 మార్చిలో నరుకుడు ఆగేసరికి 5,000కు పైగా పోయాయి. నాలుగు కాదు సార్.

2016 నవంబర్ 17న రస్ట్‌లింగ్స్ రోడ్‌లో జరిగింది వినండి. తెల్లవారుజామున ఐదింటికి, ఇంకా చీకటిగా ఉండగానే పోలీసులు తలుపులు కొట్టి "కార్లు తీయండి" అని జనాన్ని నిద్రలేపారు. ఎందుకయ్యా అంటే ఎనిమిది లైమ్ చెట్లు కొట్టడానికి (నిమ్మ అనుకునేరు, ఇది బాగా ఎత్తు పెరిగే నీడచెట్టు). ముగ్గుర్ని పట్టుకెళ్లారు, అందులో ఇద్దరు డెబ్బై దాటిన ఆడవాళ్లు. తర్వాత కేసులు నిలబడలేదు. వాటిలో ఎక్కువ చెట్లను ఉంచొచ్చని కౌన్సిల్ తానే వేసుకున్న ప్యానెల్ అప్పటికే సలహా ఇచ్చింది. ఆ సలహాను వెబ్‌సైట్‌లో పెట్టింది ఎప్పుడో తెలుసా? ఆ రోజు తెల్లవారుజామునే!

సైట్ ఇంజనీర్ (హైదరాబాద్)
చేసిన పద్ధతి దరిద్రంగా ఉంది, కాదనను. కానీ చెట్టుకూ ఆయుష్షు ఉంటుందండీ. ఒకే కాలంలో వరసగా నాటినవి ఒకేసారి ముసలివవుతాయి. అన్నీ పడిపోయేదాకా ఆగుతారా, విడతలవారీగా మారుస్తారా? వేరు లేచి కర్బ్ రాయిని (ఫుట్‌పాత్ అంచు రాయి) పక్కకు నెట్టేస్తే, మళ్లీ అక్కడే రాయి కూర్చోబెట్టడం ఎంత తలనొప్పో నాకు తెలుసు. వేరు కోస్తే గాలివానకు చెట్టు నిలుస్తుందన్న గ్యారంటీ లేదు. కొయ్యకపోతే రెండేళ్లకు రాయి మళ్లీ లేస్తుంది. చెట్టు పడి ఎవరైనా పోతే "ముందే ఎందుకు కొట్టలేదు" అని తిట్టేదీ ఈ జనమే.

నాలుగు చక్రాలు (లీడ్స్)
ఇలాంటి చర్చల్లో మమ్మల్ని ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్తాను. నేను వీల్‌చైర్‌లో తిరుగుతాను. వేరు కింద నుంచి నెట్టి ఫుట్‌పాత్ పలక రెండు వేళ్ల ఎత్తు లేచిందనుకోండి, ముందు చిన్న చక్రం అక్కడ ఠక్కున ఆగిపోతుంది, మనిషి ముందుకు తూలతాడు. వెనక్కి వచ్చి, డ్రైవ్‌వే వాలు ఎక్కడుందో వెతుక్కుని, కార్ల మధ్య నుంచి రోడ్డు మీదికి దిగాలి. షెఫీల్డ్ కౌన్సిల్ చెట్టు తీయడానికి పెట్టుకున్న ఆరు కారణాల్లో ఒకటి ఇదే: వికలాంగులకు, ముసలివాళ్లకు, పిల్లల బండి తోసే తల్లులకు దారి లేకుండా చేయడం. ఆ ఒక్క కారణాన్ని తేలిగ్గా తీసేయకండి. చెట్టును కౌగిలించుకున్న ఫోటోలే పేపర్లో వస్తాయి, మా చక్రం ఇరుక్కున్న ఫోటో రాదు.

చలిపులి
నాలుగు చక్రాలు గారూ, మీ మాటకు అడ్డు చెప్పను. కానీ నిజంగా దారికి అడ్డమైన చెట్టేదో, కానిదేదో విడదీసి చూశారా అన్నదే నా ప్రశ్న. కాంట్రాక్టులో 17,500 చెట్లు మార్చాలని అంకె రాసి ఉంది. అంటే దాదాపు సగం. అది టార్గెట్ కాదని కౌన్సిల్ ఏళ్ల తరబడి చెప్తూ వచ్చింది. కాంట్రాక్టులో ఆ అంకె ఉన్న పేజీలు బయటపడింది 2018లో.

ఇంజనీర్ గారూ, మీకైతే ఇది ఇట్టే అర్థమవుతుంది. 25 ఏళ్లు ఫుట్‌పాత్ చదునుగా ఉంచాల్సింది కంపెనీయే. నూరేళ్ల చెట్టుంటే ఏటా వేరు చూసుకోవాలి, పలక సర్దాలి. బొటనవేలంత మొక్క పెడితే కాంట్రాక్టు అయిపోయేదాకా అది రాయిని కదపదు. లెక్క ఎటు మొగ్గుతుందో చెప్పండి. వేరు దగ్గర కర్బ్ రాయిని సన్నగా చెక్కొచ్చు, తారును కొంచెం వాలుగా పోయొచ్చు, సాగే పూత వేయొచ్చు. జనం అడిగింది ముందు ఇవి చూడమని.

సైట్ ఇంజనీర్
అంకె ముందే రాసుకుని తర్వాత చెట్లు వెతికితే అది ఇంజనీరింగ్ కాదు, అక్కడ మీతో ఉన్నాను. కానీ రంపం తిరుగుతుంటే, ఆపడానికని జనం చెట్టు చుట్టూ పెట్టిన కంచెలోకి దూరడం ఏంటి? 2017 ఆగస్టులో హైకోర్టే దూరొద్దని ఆర్డర్ ఇచ్చింది కదా.

చలిపులి
ఇచ్చింది. ఆ కోర్టుకు కౌన్సిల్ ఏం చెప్పిందో కూడా చూడాలి. సర్ మార్క్ లోకాక్ విచారణ నివేదిక 2023 మార్చిలో వచ్చింది. కోర్టునూ, తాను వేసిన ప్యానెల్‌నూ కౌన్సిల్ తప్పుదోవ పట్టించిందని అందులో ఉంది. జూన్‌లో కౌన్సిల్ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. అప్పుడు "పనీపాటా లేని జనం" కంచెలోకి దూరకపోతే ఆ కాంట్రాక్టు పేజీలు ఇప్పటికీ బీరువాలోనే ఉండేవి.

చేవెళ్ల రోడ్
ఒక మాట చెప్పొచ్చా? షెఫీల్డ్ కథ విని ఇక్కడ ఎవరూ చప్పట్లు కొట్టకండి. మా హైదరాబాద్ పక్కన అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు, 900కు పైగా మర్రిచెట్లు. వాటిని కాపాడాలని ఎన్జీటీలో (జాతీయ హరిత ట్రిబ్యునల్) కేసు నడిచింది, రోడ్డు వెడల్పు పని ఏళ్లకేళ్లు ఆలస్యమైంది. 2025 నవంబర్‌లో ఆ రోడ్డు మీదే మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు గుద్దుకుని కనీసం 19 మంది పోయారు. ఆ వారం మా ఊళ్లో మర్రిచెట్ల గురించి ప్రేమగా మాట్లాడినవాడు ఒక్కడు కనిపించలేదు. ఆ చెట్ల కింద చల్లగా బండి ఆపి నీళ్లు తాగినవాళ్లమే మేమంతా.

చలిపులి
అన్నా, దీనికి నా దగ్గర రెడీమేడ్ జవాబు లేదు. రెండూ ఒకటే కేసు అని కూడా అనను. మీది రెండు వరసల మీద లారీలూ బస్సులూ ఎదురెదురుగా పరిగెత్తే హైవే. షెఫీల్డ్‌ది ఇళ్ల మధ్య వీధి, సమస్య లేచిన పలక. అయినా ఒకటి అడుగుతాను. చెట్లను మధ్యలో ఉంచి పక్క నుంచి కొత్త రోడ్డు వేయొచ్చని అక్కడ అడిగిన మాటకు మొదట్లోనే, చెట్టు చెట్టుకూ కొలిచి జవాబు ఇచ్చి ఉంటే ఇన్నేళ్లు పట్టేదా?

సైట్ ఇంజనీర్
పక్క నుంచి అంటే భూసేకరణ. అది ఎవరి పొలమో వాళ్లను అడగండి ముందు.

చేవెళ్ల రోడ్
మా బాబాయి పొలం కూడా ఆ పక్కనే ఉంది. ఇస్తాడో లేదో నేను చెప్పలేను. అడిగితే మాత్రం తిడతాడు, అది గ్యారంటీ.

చలిపులి
😀 షెఫీల్డ్‌లో ఇప్పుడు ఏ పెద్ద చెట్టు తీయాలన్నా కారణం ముందుగా బయటపెట్టాలి. కౌన్సిల్, కంపెనీ, గొడవ చేసిన జనం, అందరూ కలిసి కూర్చుని 2021లో కొత్త విధానం రాసుకున్నారు. అదే ఏడాది మేలో రెఫరెండం పెట్టి, పదిమంది పెద్దలు నిర్ణయించే పద్ధతి తీసేసి కౌన్సిల్‌ను కమిటీల పద్ధతికి మార్చారు. దాని వెనకున్న కోపంలో చెట్లది పెద్ద వాటా.

నాలుగు చక్రాలు
బాగుంది. ఆ కమిటీల్లో మాలాంటివాళ్లకు చోటుందా? ఉంటే చెప్పండి, కుర్చీ నేనే తెచ్చుకుంటాను.